సందేశానికి దారి చూపిన ఆచార్యుడు

 

మన ఇళ్లలో విజ్ఞానశాస్త్రం ప్రస్తావన వచ్చినప్పుడు పెద్దలు సాధారణంగా బాగ్దాద్ నగరాన్ని, అక్కడి బైతుల్ హిక్మాను తలచుకుంటారు. అల్ ఖ్వారిజ్మీ పేరు నుండే అల్గారిథమ్ అనే మాట పుట్టిందని, రహస్య లిపులను ఛేదించే పద్ధతిని అల్ కిందీ గ్రంథస్థం చేశాడని పిల్లలకు చెబుతారు. ఇవన్నీ నిజాలే, చెప్పవలసినవే. కానీ కాస్త ఎదిగిన పిల్లవాడు అంతటితో ఊరుకోడు. "అబ్బా, ఇదంతా వెయ్యేళ్ల కిందటి మాట కదా, ఇప్పుడెవరున్నారు?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక మనం మళ్లీ అవే పేర్లను ఇంకొంచెం గట్టిగా వల్లిస్తాం.

ఈ నెల ఆ ప్రశ్నకు ఒక జవాబును మీ ముందుంచాలని నా ప్రయత్నం. ఆయన టర్కీ రాజధాని అంకారాలోని బిల్కెంట్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఆచార్యుడు. పేరు ఎర్దాల్ అరికన్. మీ ఇంట్లో 5జీ ఫోను ఉంటే, అది పనిచేసే ప్రతిసారీ ఆయన మేధాశ్రమ ఫలం మీ చేతిలో కదులుతూ ఉంటుంది. ఆయన ఆరాధనా జీవితం ఆయనకూ, ఆయన ప్రభువుకూ మధ్య విషయం. దాని గురించి వ్యాఖ్యానించడం మన పని కాదు. మనం నేర్చుకోవలసింది ఆయన పనిచేసిన తీరును.

చదువుల బాట

అరికన్ 1958లో జన్మించారు. పశ్చిమ టర్కీలో పెరిగారు. తండ్రి వైద్యుడు, తల్లి గృహిణి. అంకారాలోని మిడిల్ ఈస్ట్ టెక్నికల్ యూనివర్సిటీలో ఉన్నత విద్య ఆరంభించారు. అయితే 1970ల చివరి సంవత్సరాలు టర్కీకి కష్టకాలం. రాజకీయ వర్గాల ఘర్షణలు విద్యాలయాల ఆవరణల్లోకి ప్రవేశించాయి. తరగతులు సాగని స్థితిలో ఆ యువకుడు అమెరికాలోని కాల్టెక్‌కు వెళ్లి 1981లో పట్టభద్రుడయ్యారు. తరువాత ఎం.ఐ.టి.లో చేరి 1982లో మాస్టర్స్, 1985లో డాక్టరేట్ పొందారు.

ఎం.ఐ.టి.లో ఆయన పరిశోధనకు మార్గదర్శకుడు రాబర్ట్ గ్యాలగర్. ఈ పేరు గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

డాక్టరేట్ ముగిశాక అరికన్ కొంతకాలం ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో బోధించారు. అక్కడే స్థిరపడి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు. కానీ 1987లో ఆయన స్వదేశానికి తిరిగివచ్చి బిల్కెంట్‌లో చేరారు. నాటికి ఆ విశ్వవిద్యాలయం పసిబిడ్డ. శిశువైద్య నిపుణుడు ఇహ్సాన్ దోగ్రమాజీ 1984లో దాన్ని స్థాపించారు. టర్కీలో ప్రభుత్వేతర రంగంలో నెలకొన్న మొదటి విశ్వవిద్యాలయం అదే. బిల్కెంట్ అనే పేరుకు 'విజ్ఞాన నగరం' అని అర్థం. పేరుకు విజ్ఞాన నగరమే గాని, ప్రపంచ పరిశోధనా కేంద్రాలకు అది దూరం. అలాంటి చోట కూర్చుని అరికన్ తన రంగంలోని అతి కఠినమైన సమస్యను ఎదుట పెట్టుకున్నారు.

ఆ సమస్య ఏమిటి?

పెళ్లి మండపంలో నిలబడి ఫోనులో మాట్లాడిన అనుభవం మనందరికీ ఉంది. చుట్టూ సందడి. అవతలి మాట సగం వినబడదు. "మళ్లీ చెప్పండి" అంటాం. రెండుసార్లు, మూడుసార్లు చెబితే విషయం అర్థమవుతుంది, కానీ సమయం వృథా అవుతుంది. గాలిలో ప్రయాణించే ప్రతి సంకేతానిదీ ఇదే పరిస్థితి. గోడలు, దూరం, ఇతర సంకేతాలు కలిసి దాన్ని చెరుపుతాయి. తప్పులు దొర్లకుండా ఉండాలంటే అసలు సందేశానికి కొంత అదనపు సమాచారం జతచేయాలి. ఎంత జతచేయాలి? ఎలా జతచేయాలి? ఇదే సంకేత రచనాశాస్త్రం.

1948లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తున్న క్లాడ్ షానన్ ఈ విషయమై ఒక మహత్తర సత్యాన్ని నిరూపించాడు. ప్రతి సమాచార మార్గానికీ ఒక పరిమితి ఉంటుంది. ఆ పరిమితికి లోబడి పంపినంత కాలం, మార్గంలో ఎంత రొద ఉన్నా, తప్పులను మనం కోరుకున్నంత స్వల్పానికి తగ్గించవచ్చు. పరిమితి దాటితే మాత్రం ఏ ఉపాయమూ పనిచేయదు. గమ్యం ఉన్నదని షానన్ నిరూపించాడు గాని, ఆచరణలో అక్కడికి చేరే దారిని చూపలేదు.

ఆ దారి కోసం దశాబ్దాల తరబడి అన్వేషణ సాగింది. గ్యాలగర్ 1960లో తన పరిశోధనా పత్రంలో ఎల్‌డీపీసీ అనే సంకేతాలను ప్రతిపాదించాడు. అవి ఎంతో సమర్థమైనవి. కానీ ఆ భారాన్ని మోయగల కంప్యూటర్లు ఆనాడు లేవు. దాంతో అవి సుమారు మూడు దశాబ్దాలు మరుగున పడ్డాయి. 1993లో ఫ్రాన్స్‌లో టర్బో సంకేతాలు వెలువడి గమ్యానికి బాగా దగ్గరయ్యాయి. ఆ తరువాతే గ్యాలగర్ సంకేతాల విలువను లోకం తిరిగి గుర్తించింది. అయినా, ఆచరణలో వాడదగిన తేలికైన పద్ధతితో షానన్ పరిమితిని చేరగలమని విస్తృతమైన మార్గాల వర్గానికి గణితపరంగా నిరూపించిన నిర్మాణం మాత్రం ఇంకా రాలేదు.

ఇరవై ఏళ్ల సహనం

అరికన్ ఈ సమస్యను ఒక పక్క దారి నుండి సమీపించారు. క్రమంగా ఒక్కొక్క అక్షరాన్నీ విప్పుతూ పోయే పాత పద్ధతి ఒకటి ఉంది. ఆ పద్ధతికి ఒక వేగపు హద్దు ఉంది. ఆ హద్దును ఎలా పెంచాలి అన్నదే విద్యార్థి దశ నుండి ఆయన ఆలోచన. టర్బో సంకేతాలు వచ్చాక చాలామంది దృష్టి అటు మళ్లింది. ఆయన మాత్రం తరగతులు చెబుతూ, విద్యార్థులను తీర్చిదిద్దుతూ, తన పాత ప్రశ్నను వదలలేదు. ఇంచుమించు ఇరవై ఏళ్లు గడిచాయి.

చివరకు చిక్కుముడి విడింది. ఆయన ఏకైక రచయితగా రాసిన వ్యాసం 2009 జూలైలో ప్రపంచ ప్రసిద్ధమైన ఇన్ఫర్మేషన్ థియరీ పత్రికలో ప్రచురితమైంది. పోలార్ సంకేతాలు అన్న పేరుతో లోకానికి పరిచయమైన ఆ నిర్మాణం షానన్ నిరూపణ తరువాత 61 ఏళ్లకు వచ్చింది. అప్పటికి ఆచార్యుని వయసు యాభై దాటింది.

ఆ ఉపాయం ఏమిటి?

దీన్ని గణితం తెలియని వారికి కూడా చెప్పవచ్చు. ఒక ఊరికి ఉత్తరం పంపితే అది చేరే అవకాశం సగమే అనుకుందాం. మీరు రెండు అంకెలు పంపాలి. మొదటి అంకెను ఒక ఉత్తరంలో, రెండో అంకెను మరో ఉత్తరంలో పంపితే రెంటికీ చెరి సగం అవకాశం.

ఇప్పుడు పద్ధతి మార్చండి. మొదటి ఉత్తరంలో రెండు అంకెల మొత్తాన్ని రాయండి. రెండో ఉత్తరంలో రెండో అంకెను మాత్రమే రాయండి. అవతలి వ్యక్తి మొదటి అంకెను తెలుసుకోవాలంటే రెండు ఉత్తరాలూ చేరాలి. దానికి అవకాశం నాలుగింట ఒకటి. ఇది మునుపటి కన్నా అధ్వానం. అయితే మొదటి అంకె అతనికి ముందే తెలిసి ఉంటే? అప్పుడు రెండు ఉత్తరాల్లో ఏ ఒక్కటి చేరినా రెండో అంకె తెలిసిపోతుంది. దానికి అవకాశం నాలుగింట మూడు. అంటే రెండు సమానమైన దారులు ఒక చెడ్డ దారిగా, ఒక మంచి దారిగా విడిపోయాయి.

ఇదే పనిని మరోసారి చేస్తే నాలుగు దారులు ఏర్పడతాయి. వాటి అవకాశాలు పదహారింట 1, 7, 9, 15. గమనించండి, వీటి మొత్తం 32. మొదట నాలుగు దారులకూ పదహారింట ఎనిమిది చొప్పున ఉన్నదీ 32. మొత్తం పెరగలేదు, తరగలేదు. ఉన్నదే ఒక చోట కూడింది. ఇలా పదేపదే చేసుకుంటూ పోతే దారులు రెండు కొసలకు చేరుకుంటాయి. కొన్ని దాదాపు పరిపూర్ణమవుతాయి, మిగిలినవి దాదాపు నిరుపయోగమవుతాయి. మంచి దారుల్లో అసలు సందేశాన్ని పంపాలి. చెడ్డ దారుల్లో ఇరుపక్షాలకూ ముందే తెలిసిన అంకెలను ఉంచాలి. మంచి దారుల వాటా సరిగ్గా షానన్ చెప్పిన పరిమితికి చేరుతుందని అరికన్ నిరూపించారు.

ముందే తెలిసిన అంకెలు సందేశాన్ని కాపాడటం వింతగా అనిపించవచ్చు. కానీ ఈ సూత్రం మనకు పరాయిది కాదు. రమజాన్ మాసంలో తరావీహ్ నమాజును గుర్తు చేసుకోండి. ఇమామ్ గారు ఒక చోట తడబడితే వెనుక నిలబడిన హాఫిజ్ గారు వెంటనే లుఖ్మా ఇస్తారు. ఎలా ఇవ్వగలిగారు? చదువుతున్నదీ వింటున్నదీ ఇద్దరికీ ముందే తెలుసు కాబట్టి. హజ్రత్ అబూబక్ర్ (రజి) పాలనా కాలంలో దివ్య ఖుర్ఆన్ ప్రతిని సమకూర్చిన జైద్ బిన్ సాబిత్ (రజి) కేవలం తన జ్ఞాపకంపై ఆధారపడలేదు. కంఠస్థమైన దానిని లిఖిత ప్రతులతో, లిఖిత ప్రతులను సాక్షులతో సరిచూశారు. హదీసువేత్తలు ఒకే ఉల్లేఖనాన్ని అనేక పరంపరల ద్వారా సేకరించి, ఏ ఉల్లేఖకుని దగ్గర మాట మారిందో గుర్తించారు. షానన్ గణితం ఆనాడే మన దగ్గర ఉందని చెప్పడం నా ఉద్దేశం కాదు. అది అసత్యం అవుతుంది. సందేశాన్ని చెడకుండా చేర్చడం ఒక అమానత్ అనే స్పృహ మాత్రం మన సంప్రదాయంలో లోతుగా ఉంది. ఆ స్పృహ ఉన్నవారికి ఈ శాస్త్రం త్వరగా మనసుకెక్కుతుంది.

ఒకరి పనికి మరొకరి చేయూత

తన నిర్మాణాన్ని అరికన్ పత్రికలో బాహాటంగా ప్రచురించారు. ఎవరైనా చదవవచ్చు, పరీక్షించవచ్చు, మెరుగుపరచవచ్చు. అలా మెరుగుపరచవలసిన అవసరం కూడా ఉంది. చిన్న సందేశాల విషయంలో తొలి పోలార్ సంకేతాలు ఆశించినంత బాగా పనిచేయలేదు. 2011లో ఇదో తాల్, అలెగ్జాండర్ వార్డీ అనే పరిశోధకులు ఆ లోటును పూడ్చారు. ఒకే ఊహను పట్టుకుని వెళ్లకుండా, పలు ఊహలను వెంట ఉంచుకుని చివర్లో సరైనదాన్ని ఎంచుకునే పద్ధతిని వారు చూపారు. దాంతో పోలార్ సంకేతాలు ఆచరణకు సిద్ధమయ్యాయి.

చైనాకు చెందిన హువావే సంస్థ వీటిపై విస్తృతంగా కృషి చేసింది. 5జీ ప్రమాణాలను నిర్ణయించే త్రీజీపీపీ సంఘంలో ఏ సంకేతాలను స్వీకరించాలన్న దానిపై హోరాహోరీ చర్చ జరిగింది. చివరకు 2016 నవంబరులో అమెరికాలోని రెనో నగరంలో జరిగిన సమావేశంలో నిర్ణయం వెలువడింది. మనం చూసే దృశ్యాలు, వినే మాటలు ప్రయాణించే మార్గానికి ఎల్‌డీపీసీ సంకేతాలు. ఫోనుకూ, టవరుకూ మధ్య 'ఎప్పుడు, ఏ తరంగంపై అందుకోవాలి' అని చెప్పే చిన్న నియంత్రణ సందేశాలకు పోలార్ సంకేతాలు. ఆ చిన్న సందేశం చెడితే వెనుక వచ్చే పెద్ద సమాచారం అందదు.

ఇప్పుడు గ్యాలగర్ పేరును గుర్తు చేసుకోండి. ఎల్‌డీపీసీ గురువుగారిది. పోలార్ శిష్యునిది. ఒకటి మూడు దశాబ్దాలు అలమారలో నిద్రించింది, మరొకటి ఇరవై ఏళ్ల ఏకాంత శ్రమ నుండి పుట్టింది. నేడు ఆ రెండూ ఒకే ఫోనులో పక్కపక్కనే పనిచేస్తున్నాయి. గురువుకు శిష్యుడు చెల్లించగల గౌరవం ఇంతకన్నా ఏముంటుంది?

2018 జూలైలో హువావే సంస్థ షెన్‌జెన్ నగరంలో అరికన్‌ను ఘనంగా సన్మానించింది. అదే ఏడాది ఆయనకు హ్యామింగ్ పతకం, 2019లో సమాచార శాస్త్రంలో అత్యున్నతమైన షానన్ పురస్కారం లభించాయి. ఏ షానన్ వేసిన ప్రశ్నకు ఆయన జవాబు వెతికారో, ఆ షానన్ పేరిటే పురస్కారం అందింది.

మన ఇళ్లకు ఈ కథ చెప్పేదేమిటి?

మొదటిది, పిల్లల చదువు విషయంలో మన తొందర. మన తెలుగు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ చదివే ముస్లిం పిల్లల సంఖ్య తక్కువేమీ కాదు. కానీ నాలుగో సంవత్సరం రాగానే ఇంట్లో ఒకే ప్రశ్న, "ఉద్యోగం ఎప్పుడు?" అప్పులు చేసి చదివించిన తల్లిదండ్రులు అలా అడగడం సహజమే. కుటుంబ పోషణ కూడా పుణ్యకార్యమే. అందరూ పరిశోధకులు కావాలని నేను అనడం లేదు. అయితే నూటికి ఒక్కరైనా, ఒక ప్రశ్న తమను నిద్రపోనివ్వడం లేదని చెప్పే బిడ్డ ఉంటుంది. "పై చదువు చదువుతాను, పరిశోధన చేస్తాను" అనే ఆడపిల్లా ఉంటుంది. ఆ బిడ్డతో "ఇంకెన్నాళ్లు?" అనే ముందు కాస్త ఆగండి. అరికన్ జీవితంలో ఆ ఇరవై ఏళ్లలో ఏ రోజు ఆయన్ని అడిగినా, చూపించడానికి ఫలితం ఉండేది కాదు. ఫలితం కనబడని శ్రమను వృథా అనుకునే ఇంట్లో జ్ఞానం వేళ్లూనుకోదు. జ్ఞానాభివృద్ధి కోసం దుఆ చేయమని దివ్య ఖుర్ఆన్ మన ప్రవక్త (స)కే నేర్పింది. ఆ దుఆను మనం ప్రతిరోజూ పిల్లల చేత చదివిస్తాం. చదివించిన దుఆకు మన ఇంటి వాతావరణం అడ్డుగా నిలవకూడదు కదా!

రెండవది, చోటు గురించిన నిరాశ. "మా ఊళ్లో ఏముంది? పెద్ద సంస్థలు లేవు, ప్రయోగశాలలు లేవు" అంటూ ఉంటాం. వసతులు అవసరమే. వాటి కోసం అడగాలి, పోరాడాలి. కానీ అప్పుడే పుట్టిన ఒక విశ్వవిద్యాలయంలో కాగితం, కలంతో సాగిన ఆలోచన ప్రపంచ ప్రమాణంగా మారిందన్నదీ వాస్తవమే. సబ్ర్ అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. ప్రశ్నను వదలకుండా ప్రతి ఉదయం తిరిగి దాని ముందు కూర్చోవడం సబ్ర్. మన వంతు శ్రమ చేసి ఫలితాన్ని అల్లాహ్‌కు అప్పగించడం తవక్కుల్.

మూడవది మనలో ప్రతి ఒక్కరికీ వర్తించేది. 2022 అక్టోబరులో మన దేశంలో 5జీ సేవలు ఆరంభమయ్యాయి. మనం పంపే ప్రతి మాటా దారిలో చెడిపోకుండా ఉండేందుకు ఎందరో మేధావులు జీవితాలు ధారపోశారు. కానీ వారి గణితం చేయలేని పని ఒకటుంది. దారిలో దొర్లిన తప్పును సంకేతం సరిదిద్దుతుంది. పంపినవాడే అబద్ధం పంపితే, ఆ అబద్ధాన్ని కూడా అక్షరం పొల్లుపోకుండా అవతలి వ్యక్తికి చేరుస్తుంది. పొరుగువారి గురించిన చాడీ, నిర్ధారణ లేని వార్త, మతాల మధ్య చిచ్చుపెట్టే దృశ్యం కూడా అంతే శుద్ధంగా చేరిపోతాయి. అక్కడ తప్పును పట్టుకోవలసింది టవరు కాదు, మన మనస్సాక్షి. వార్త అందినప్పుడు దాని నిజానిజాలను పరిశీలించమని సూరా హుజురాత్ విశ్వాసులను ఆదేశించింది. పరిశీలించకుండా ముందుకు పంపే వేలు ఆ ఆదేశాన్ని మరచినట్టే.

కాబట్టి ఈసారి మీ అబ్బాయి గాని, అమ్మాయి గాని "ఇప్పుడెవరున్నారు?" అని అడిగితే, అంకారాలోని ఆ ఆచార్యుని పేరు చెప్పండి. రెండు కాగితాలు తీసుకుని ఉత్తరాల లెక్కను వారి చేతే చేయించండి. సగం సగంగా ఉన్న దారులు మంచి, చెడులుగా ఎలా విడిపోతాయో వారే కనుక్కోనివ్వండి. ఆ తరువాత మెల్లగా, "రేపు ఎవరుంటారు?" అని మీరు వారిని అడగండి.

అల్లాహ్ మన సంతానానికి ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, దానిని మోసే ఓర్పును, మాటను అమానత్‌గా కాపాడే నిజాయితీని ప్రసాదించుగాక! ఆమీన్.